ఇంటి నుంచి వచ్చే ఫోను: ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లల తల్లిదండ్రులతో

(ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో, విశ్రాంత అనాటమీ ఆచార్యులొకరు చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము.)

అందరికీ నమస్కారం. పిల్లలను పై అంతస్తులో, కొత్తగా చేరినవాళ్లకు పెట్టే ఫౌండేషన్ కోర్సు తరగతిలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులను మాత్రమే ఈ హాలులోకి పంపించమని నేనే ప్రిన్సిపాల్ గారిని కోరాను. నేను చెప్పబోయేది పిల్లల చదువు గురించే అయినా, వినవలసినవారు పిల్లలు కారు, మీరు. సీటు వచ్చింది, బంధువులకు మిఠాయిలు పంచారు, కొన్ని ఊళ్లలో ఫ్లెక్సీలు కూడా కట్టి ఉంటారు. నవ్వుతున్నారు కనుక కట్టారనే అనుకుంటాను. తప్పేమీ లేదు, ఇరవై లక్షల మందికి పైగా రాసే నీట్ పరీక్షలో నెగ్గి వచ్చిన పిల్లలు వీళ్లు. అయితే ఆ సీటును సంపాదించిపెట్టిన పద్ధతి ఈ ఏడాదికి పనికిరాదు. పిల్లలు చదివిన పద్ధతి ఒక్కటే కాదు, మీరు ఇల్లు నడిపిన పద్ధతి కూడా పనికిరాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదొక్కటే.

గత రెండేళ్లు, మళ్లీ నీట్ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నవారికైతే మూడు నాలుగేళ్లు, మీ ఇల్లు ఎలా నడిచింది? టీవీ కట్టేశారు. పెళ్లిళ్లకు ఒకరు వెళితే ఒకరు ఇంట్లో ఉండిపోయారు. వారాంతపు పరీక్ష మార్కులు కాలేజీ నుంచి మీ ఫోనుకు సందేశంగా వచ్చాయి, పిల్లవాడికంటే ముందు మీకే తెలిశాయి. పోయిన వారం కంటే ఎన్ని తగ్గాయి, ఎక్కడ తగ్గాయి, ఈ మార్కులకు ఏ కాలేజీ వస్తుంది అని లెక్క వేసింది మీరు. 720 మార్కులు, 180 ప్రశ్నలు, 3 గంటలు, ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. ఆ పరీక్షకు అటువంటి కాపలా కొంత ఉపయోగపడి ఉండవచ్చు, కాదనను. ఇప్పుడు ఆ కాపలానే ఫోను ద్వారా హాస్టలు గదిలోకి పంపిస్తే ఏమవుతుందో చెబుతాను.

ముందు చదువు ఏమి మారిందో చూద్దాం. మొదటి ఏడాది ప్రధానంగా మూడు సబ్జెక్టులు: శరీర నిర్మాణం చెప్పే అనాటమీ, శరీరం పనిచేసే తీరు చెప్పే ఫిజియాలజీ, అందులోని రసాయన చర్యలు చెప్పే బయోకెమిస్ట్రీ. మూడే కదా అనిపిస్తుంది. మా తరం ఈ మూడింటినీ ఏడాదిన్నర చదివింది. భారత వైద్య మండలి 1997 నిబంధనలతో అది ఏడాదికి తగ్గింది. శరీరం తగ్గలేదు, ఎముకలు అప్పుడూ 206, ఇప్పుడూ 206, సమయం తగ్గింది. దానికి తోడు 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో రోగుల దగ్గరికి ముందుగానే తీసుకువెళ్లడం, వైద్య నీతి తరగతులు, చేసిన పని రాసిపెట్టే లాగ్‌బుక్కులు చేరాయి. ఇవన్నీ మంచివే. కానీ రోజుకు గంటలు పెరగలేదు.

దీనికంటే పెద్ద మార్పు పరీక్షలో ఉంది. ఒక్క ఉదాహరణ చెబుతాను, వైద్యం తెలియకపోయినా అర్థమవుతుంది. మణికట్టు వాలిపోయి చేయి పైకి లేవకపోతే దెబ్బతిన్న నాడి ఏది అని అడిగి, నాలుగు పేర్లు ఇస్తే, మీ పిల్లలు అరనిమిషంలో రేడియల్ నాడి అని గుర్తు పెడతారు. ఇక్కడ మేము అలా అడగము. రేడియల్ నాడి ఎక్కడ పుట్టింది, ఏ కండరాల మధ్య నుంచి నడిచింది, ఎక్కడ ఎముకను ఆనుకుని వెళ్లింది, ఏ కొమ్మలు ఇచ్చింది, ఎక్కడ తెగితే ఏ పని పోతుంది అని రాయమంటాము, బొమ్మ కూడా వేయమంటాము. అది థియరీ. తరువాత కోసి ఉంచిన చేతిలో ఒక నాడికి చిన్న జెండా గుచ్చి, నిమిషం టైము ఇచ్చి, ఇదేమిటో చెప్పమంటాము. వాటిని స్పాటర్లు అంటారు. ఆ తరువాత వైవాలో ఎదురుగా కూర్చోబెట్టి, ఎముక చేతికిచ్చి, నోటితో చెప్పించుకుంటాము. ఒకే నాడిని మూడు విధాలుగా తెలిసి ఉండాలన్నమాట.

ఇంటర్ మొదటి ఏడాది నుంచి బిట్లు మాత్రమే చేస్తూ వచ్చిన పిల్లవాడు ఒక పేజీ వరసగా రాసి ఎన్నాళ్లయింది? ఆలోచించండి. తెలియక కాదు, తెలిసినది వరసలో పెట్టి కాగితం మీదికి తేవడం చేతకాక, కాలేజీ పెట్టుకునే మొదటి పరీక్షల్లో, అంటే ఇంటర్నల్స్‌లో, మార్కులు పడిపోతాయి. నీట్‌లో ఆరు వందలు దాటినవాళ్లు కూడా తప్పడం నేను ఎన్నో బ్యాచ్‌లలో చూశాను. పదో తరగతి నుంచి ఫస్టు వచ్చిన పిల్ల, మొదటిసారి జాబితాలో మధ్యలోనో చివరనో తన పేరు చూసుకుంటుంది. ఈ తరగతిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో ఫస్టే కదమ్మా! ఎవరో ఒకరు చివరన ఉండక తప్పదు. నేను చెప్పేదేమిటంటే, మొదటి ఇంటర్నల్స్ మార్కు పిల్లవాడి తెలివిని గాని, శ్రమను గాని చెప్పదు; కొత్త పద్ధతి ఇంకా పట్టుబడలేదని మాత్రమే చెబుతుంది. చాలామందికి రెండో పరీక్ష నాటికి పట్టుబడుతుంది. కొందరికి ఇంకొంచెం ఆలస్యమవుతుంది.

కణజాలాల గురించి చెప్పే హిస్టాలజీ రికార్డు కోసం గులాబీ రంగు, ఊదా రంగు పెన్సిళ్లు డజన్ల లెక్కన కొనమని అడుగుతారు. ఇంత పెద్దయ్యాక రంగులు వేయడమేమిటని నవ్వకండి. మైక్రోస్కోపులో కనిపించిన కణజాలాన్ని చేత్తో వేస్తేనే కంటికి గుర్తుంటుంది.

ఇక శవాన్ని కోసి శరీరాన్ని నేర్చుకునే డిసెక్షన్ హాలు. మీలో చాలామందికి ఉన్న భయం ఇదే, అడగడానికి మొహమాటపడుతున్నారు. కొందరు పిల్లలకు మొదటి రోజు కళ్లు తిరుగుతాయి. దేహం చెడకుండా వాడే ఫార్మలిన్ మందు వల్ల కళ్లు మండుతాయి, నీళ్లు కారుతాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే పిల్లలకు ఆ హాలులోకి కళ్లద్దాలతో వెళ్లమని చెప్పండి. కొన్నాళ్లు మాంసం తినబుద్ధి కాదు. తినమని బలవంతపెట్టకండి, దాని మీద హాస్యాలూ ఆడకండి. కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. మేము ఆ దేహాన్ని తొలి గురువుగా పరిచయం చేస్తాము, గౌరవంగా చూసుకుంటామని పిల్లల చేత ప్రమాణం చేయిస్తాము. ఆ దేహం ఎవరో ఒక కుటుంబం కన్నీళ్ల మధ్య దానంగా ఇచ్చినది కావచ్చు. అక్కడ ఫోటోలు తీసి స్నేహితులకు పంపడం నేరమంత తప్పు అని మేమూ చెబుతాము, మీరూ చెప్పండి.

ఇంకొక మాట, నొప్పించడానికి కాదు. కొన్ని ఇళ్లలో శవాన్ని ముట్టుకుని వచ్చిన పిల్లను తలస్నానం చేసే వరకు గడప తొక్కనివ్వరు. పెద్దవాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఏప్రాను విడిగా ఉతకమనండి, వేడినీళ్లతో స్నానం చేయమనండి, అది ఆరోగ్యానికి కూడా మంచిదే. కానీ బస్సు దిగి ఆకలితో వచ్చిన ఆడపిల్లను మైల అని బయట నిలబెడితే, ఆ పిల్ల తను చేస్తున్న పని గురించి ఇంట్లో మళ్లీ మాట్లాడదు. నానమ్మలకు, అమ్మమ్మలకు ఇది ముందుగా మీరే నచ్చజెప్పుకోవాలి. ఆ భారం పిల్ల మీద పెట్టకండి.

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన పిల్లలు కొందరు ఉన్నారు. వాళ్లెవరో చేతులెత్తమని మేము అడగము. వాళ్లకు లావు పుస్తకం చూస్తే భయం, వైవాలో నోరు తెరవాలంటే అంతకంటే భయం. ఫౌండేషన్ కోర్సులో భాషకు, కంప్యూటరుకు తరగతులు పెట్టింది అందుకే. ఆ తరగతులకు మార్కులు లేవని ఎగ్గొట్టనివ్వకండి. ఈ పిల్లలకు ఇంకొక సంగతి చెప్పండి. ఇప్పుడు ప్రతి విద్యార్థీ దగ్గరి పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినన్నాళ్లూ వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలి. ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, "గుండెల్లో మంట", "కాళ్లు గుంజడం", "కళ్లు బైర్లు కమ్మడం" అన్న మాటలు ఎవరికి బాగా అర్థమవుతాయి? ఇంగ్లీషు ఏడాదిలో వస్తుంది. ఆ తెలుగు రాని డాక్టర్లు అవస్థపడటం నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి, ఫోనుకు వస్తాను. రాత్రి తొమ్మిదింటికి మీరు ఫోను చేస్తారు. మొదటి ప్రశ్న ఏమిటి? "తిన్నావా?" అంటారు తల్లులు. మంచి ప్రశ్న. రెండో ప్రశ్న? "పరీక్ష పెట్టారట, ఎన్ని వచ్చాయి?" మూడోది? "నీ రూమ్మేటుకు ఎన్ని?" ఈ మూడో ప్రశ్న దగ్గర నాకు కోపం వస్తుంది, క్షమించాలి. ఆ ప్రశ్న రెండుసార్లు వినగానే పిల్లవాడు ఏమి నేర్చుకుంటాడు? ఇంకా మార్కులు పెట్టలేదని చెప్పడం నేర్చుకుంటాడు. తరువాత, పేపరు దిద్దలేదని. ఆ తరువాత, ఫోను సైలెంటులో ఉంది చూసుకోలేదని. అబద్ధాలాడే పిల్లలు కారు వీళ్లు. ఒక్క మార్కు వల్ల ఇంట్లో రెండు రోజులు అన్నం సయించదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. మీకు ఆ బాధ తప్పించాలనే దాస్తారు. దాచడం ఒకసారి మొదలైతే దానిని కాపాడుకోవడానికి ఇంకా దాచాలి. మార్కు దాచినవాడు తరగతికి వెళ్లడం లేదన్న సంగతీ దాస్తాడు. తరగతిలో ప్రశ్న అడిగితే చెప్పలేనని, ముందు ఒక క్లాసు మానతాడు, తరువాత డెమో, తరువాత ప్రాక్టికల్. చివరికి హాజరు తక్కువైందని కళాశాల నుంచి ఉత్తరం వచ్చిన రోజున తండ్రి పరుగెత్తుకుని వస్తాడు, "మా వాడు బాగానే చదువుతున్నానని చెప్పాడండీ" అంటూ. ఆ మాట ఎందరు తండ్రుల నోట విన్నానో లెక్క లేదు.

నిబంధన ఏమిటో తెలుసుకోండి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. దీనికి సిఫారసులు పనిచేయవు, ఎమ్మెల్యే గారి ఉత్తరం తెచ్చినా పనిచేయదు. పరీక్ష తప్పితే సప్లిమెంటరీ ఉంది. అందులో గట్టెక్కినవాళ్లు తమ బ్యాచ్‌తోనే కలిసి రెండో ఏడాదికి వెళతారు. మొదటి ఏడాది గట్టెక్కనిదే రెండో ఏడాదిలోకి వెళ్లడానికి లేదు, దానికి మొత్తం నాలుగు అవకాశాలే ఇస్తారు. మొత్తం కోర్సును చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్లలో ముగించాలి. ఇది దేశంలో వైద్య విద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలలో ఉంది. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక్క సబ్జెక్టు తప్పితే జీవితం పోయినట్టు ఇంట్లో అందరూ కూర్చోనక్కరలేదనీ, నెలల తరబడి చెప్పకుండా ఊరుకుంటే మాత్రం నిజంగా ఇబ్బంది అవుతుందనీ రెండూ తెలియాలని చెబుతున్నాను. తక్కువ మార్కుకు మా దగ్గర మందు ఉంది. పిల్లల మంచిచెడ్డలు చూసే అధ్యాపకుడు, అంటే మెంటరు ఉన్నారు, ట్యూటర్లు ఉన్నారు, వెనకబడినవాళ్లకు విడిగా తరగతులు పెడతాము. దాచిన మార్కుకు మేము ఏమి చేయగలం?

అందుచేత ఫోనులో ఏమి అడగాలి? ఈ రోజు ఏమి చూశావో చెప్పమనండి. ఫిజియాలజీ ల్యాబులో తన వేలు తనే గుచ్చుకుని, ఆ రక్తపు చుక్కలో కణాలు లెక్కపెడతారు. దాని గురించి అడగండి, సంతోషంగా చెబుతారు. మీకు అర్థం కాకపోయినా పరవాలేదు. అర్థం కాని మనిషికి విడమరిచి చెప్పడం వైవాకు మంచి సాధన, మీరు ఊరికే వింటూనే పిల్లకు చదువు చెప్పినవారవుతారు. మార్కులు వాళ్లంతట వాళ్లు చెప్పినప్పుడు వినండి. తక్కువ వచ్చాయంటే, "సరే, మెంటరు ఏమన్నారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు. అప్పుడు మౌనంగా ఉండటం మీకు కష్టమే, ముఖ్యంగా తండ్రులకు. అభ్యాసం చేయండి.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఈ మధ్యాహ్నమే మొదలవుతుందని నాకు తెలుసు. హాస్టలు నీళ్లు, మెస్సు భోజనం, బస్సు వేళలు మాట్లాడుకోవడానికి అది బాగుంటుంది. అందులో మార్కుల జాబితాలు పెట్టకండి. ఒక తల్లి మురిపెంగా పెట్టిన ఫోటో, ఇంకో నలభై ఇళ్లలో ఆ రాత్రి గొడవకు కారణమవుతుంది.

సెలవుల గురించి కొంచెం చెప్పాలి. దసరాకు, సంక్రాంతికి వస్తారు. బాబాయి కూతురి నిశ్చితార్థానికి, మేనమామ గృహప్రవేశానికి కూడా రమ్మని పిలవకండి. ఒక్కొక్క దానికి మూడు రోజులు పోతాయి, అందులో ఒక ప్రాక్టికల్ ఉంటుంది. వచ్చిన రోజున పడుకోనివ్వండి. ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు: ఇంటికి వచ్చిన పిల్లవాడి ముందు వీధిలోని వాళ్లందరి రక్త పరీక్షల కాగితాలు పరచకండి. మందుల శాస్త్రం రెండో ఏడాదిలో గాని మొదలు కాదు. మోకాళ్ల నొప్పికి ఏమి వేసుకోవాలో వాడికి తెలియదు. తెలియదని చెప్తే, "ఇంత ఫీజు కట్టి ఏం చదువుతున్నావురా?" అని ఆ కాగితం తెచ్చినాయన అనేసి పోతారు. ఆ మాటకు వాడు మళ్లీ పండక్కి రాడు.

ఫీజు మాట వచ్చింది కనుక అదీ చెబుతాను. తక్కువ ఫీజు ఉండే కన్వీనర్ కోటాలో వచ్చినవారి సంగతి వేరు. ఎక్కువ ఫీజు ఉండే బి కేటగిరీలో చేర్పించిన కుటుంబాలు పొలం అమ్మి ఉండవచ్చు, ఇల్లు తాకట్టు పెట్టి ఉండవచ్చు. ఆ సంగతి పిల్లలకు తెలియకుండా దాచమని నేను అనను. పద్దెనిమిదేళ్ల మనిషికి ఇంటి లెక్క తెలియాలి. ఒకసారి కూర్చోబెట్టి, ఇంత అప్పు, ఇంత వడ్డీ, నీకు నెలకు ఇంత పంపగలను అని స్పష్టంగా చెప్పండి. అక్కడితో ఆపండి. ప్రతి పరీక్షకూ ఆ పొలాన్ని గుర్తు చేస్తే, పుస్తకం తెరిచిన ప్రతిసారీ పిల్లకు పొలమే కనిపిస్తుంది, నాడులు కనిపించవు.

ర్యాగింగ్ గురించి క్లుప్తంగా. ఉమ్మడి రాష్ట్రంలోనే 1997లో దీనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. జైలు శిక్ష ఉంది, కళాశాల నుంచి తొలగింపు ఉంది. 2021లో జాతీయ వైద్య కమిషన్ వైద్య కళాశాలలకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మీరూ, పిల్లలూ సంతకం చేసిన హామీపత్రాలు అందుకే. పిల్లవాడు ఫోనులో చెబితే, "అందరూ పడ్డదే, కొన్నాళ్లు ఓర్చుకో" అనకండి. ముందు వార్డెనుకు, ర్యాగింగ్ నిరోధక కమిటీకి చెప్పండి. మాకు చెప్పడానికి సంకోచమైతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోను చేయండి, పేరు చెప్పనక్కరలేదు.

ఇక మనసు గురించి. జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో నివేదిక ఇచ్చింది. పాతిక వేల మందికి పైగా ఎంబీబీఎస్ విద్యార్థులను అడిగితే, 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందని చెప్పుకున్నారు. ఈ హాలులో కూర్చున్న నలుగురిలో ఒకరి బిడ్డ అనుకోండి. నిద్ర పూర్తిగా తప్పడం లేదా రోజంతా పడుకోవడం, స్నానం మానడం, ఇష్టమైనవాళ్లతో మాటలు మానడం, "నా వల్ల కాదు", "నేను లేకపోతే మీకే బాగుండేది" వంటి మాటలు వినిపించడం, ఇవి కనబడితే ఫోనులో ధైర్యం చెప్పి ఊరుకోకండి. ఆ రాత్రే బయలుదేరి రండి. కాలేజీ అనుమతి తరువాత చూసుకుందాం. మన ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ వద్దనుకుంటే 14416, అది టెలీ మానస్, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

నాకు తెలుసు, మీ మనసులో ఇంకొక భయం ఉంటుంది. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకువెళితే రికార్డులో పడుతుందేమో, రేపు పెళ్లికి అడ్డమవుతుందేమో అని. ముఖ్యంగా ఆడపిల్లల తండ్రులు ఇలా ఆలోచించి నెలలు పోగొడతారు. చూపించుకోవడం రహస్యంగానే ఉంటుంది. రేపు ఇదే పిల్ల, ఇంకొకరి బిడ్డకు డిప్రెషన్ అని చెప్పి మందులు రాయవలసిన డాక్టరు. తన ఇంట్లోనే అది సిగ్గుపడవలసిన జబ్బు అని నేర్పి పంపుతారా?

కొద్దిమంది పిల్లలు ఈ చదువే వద్దంటారు. అలా అన్నప్పుడు రెండు విషయాలు విడదీసి చూడాలి. కష్టంగా ఉండి వద్దంటున్నారా, ఇష్టం లేక వద్దంటున్నారా? మొదటి ఇంటర్నల్స్ తరువాత వారంలో వద్దనే పిల్లలలో చాలామందికి కష్టమే కారణం. నెల తరువాత మళ్లీ అడగండి, మెంటరుతో కలిపి మాట్లాడండి. డిసెక్షన్ అలవాటై, మార్కులు కూడా వస్తున్నా వద్దంటూనే ఉంటే, అది మీరు కూర్చుని వినవలసిన మాట. ఎవరి కోరిక మీద ఈ సీటులో చేరారో అప్పుడు మీలో మీరు నిజాయితీగా మాట్లాడుకోవాలి. దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటి.

చివరగా ఒక చిన్న పని ఉంది, మరిచిపోకుండా చెప్పమన్నారు. పిల్లలు త్వరలో ఆసుపత్రిలోకి అడుగు పెడతారు కనుక హెపటైటిస్ బి టీకా వేయించి ఉండాలి. చిన్నప్పుడు వేసిన కార్డు ఉంటే పంపండి. లేకపోతే మూడు మోతాదులు: ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. మూడోది చాలామంది మరిచిపోతారు, దాన్ని మాత్రం మీరు ఫోనులో గుర్తు చేయవచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. వెనక వరసలో ఆ పెద్దాయన ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు, ముందు వారికి మైకు ఇవ్వండి.